మాలీల ఆధార్ కార్డులు మీ బీరువాలో ఎందుకు?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో గార్డెనింగ్ వ్యాపారం చేస్తున్నాం. కొన్ని అపార్ట్‌మెంట్లు, రెండు సాఫ్ట్‌వేర్ క్యాంపస్‌ల తోటల పని మాది. మొత్తం 22 మంది పనివాళ్ళు. వారిలో ఎనిమిది మంది, అంటే నాలుగు జంటలు, ఒడిశా నుంచి మేస్త్రీ ద్వారా వచ్చారు. జంటకు 40 వేల చొప్పున అడ్వాన్సు మేస్త్రీకి ఇచ్చాం. వాళ్ళ నెల జీతం కూడా అతని చేతికే ఇస్తున్నాం. పోయినేడు ఒక జంట అడ్వాన్సు తీరకుండానే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. అందుకని ఈసారి ఎనిమిది మంది ఆధార్ కార్డులూ ఆఫీసు బీరువాలో పెట్టుకున్నాం. మొక్కలు కడియం నుంచి తెప్పిస్తాం. ఇటుకలు, రాళ్ళు, కుండీలు, గ్లౌజులు ఇక్కడి డీలర్ల దగ్గర కొంటాం. ఇప్పుడు ఒక క్లయింటు కంపెనీ ఫారం పంపింది. మా వ్యాపారంలోగానీ, మాకు సరుకు ఇచ్చేవాళ్ళ దగ్గరగానీ ఆధునిక బానిసత్వం లేదని సంతకం పెట్టాలట. లేకపోతే కాంట్రాక్టు రెన్యువల్ చేయరట. మేము ఎవర్నీ కొట్టలేదు, కట్టేయలేదు. సంతకం పెట్టేయవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

సంతకం ఇప్పుడే పెట్టకండి. ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. అవి చేశాక, ఫారంలో మాటలు మార్చి పెడుదురుగాని. ఎలా మార్చాలో చివర్లో రాస్తాను.

ఆధార్ కార్డుల సంగతి దాచకుండా మీరే రాశారు. ఇలాంటి ఫారాలు నింపేవాళ్ళలో చాలామంది ఆ ముక్క పైకి రానివ్వరు. అందుకే నేనూ దాపరికం లేకుండా చెబుతున్నాను. బలవంతపు చాకిరీని పసిగట్టడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ 11 గుర్తులు చెప్పింది. వాటిలో మూడు మీ ఉత్తరంలోనే కనబడుతున్నాయి: గుర్తింపు పత్రాలు యజమాని దగ్గర ఉండటం, అప్పుతో పనిని ముడిపెట్టడం, జీతం పనిచేసినవాళ్ళ చేతికి నేరుగా అందకపోవడం. గుర్తులు కనబడినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. మీది వెట్టి అని నేను తీర్పు చెప్పడం లేదు. కానీ రేపు ఒక ఆర్డీవో మీ ఆఫీసుకు వచ్చి ఇవే మూడు చూస్తే, అది వెట్టి కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే.

కొట్టలేదు, కట్టేయలేదు అన్నారు. చట్టం అంతదాకా అడగదండీ. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. దాన్ని ఆచరణలో పెట్టడానికి 1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది. తీసుకున్న అడ్వాన్సుకు బదులుగా మనిషి కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయాల్సి వస్తే అది వెట్టి. వేరేచోట పనికి వెళ్ళే స్వేచ్ఛ పోయినా, నచ్చిన చోటికి కదిలే స్వేచ్ఛ పోయినా, తన కష్టాన్ని బజారు ధరకు అమ్ముకునే హక్కు పోయినా వెట్టే. నాలుగూ కలిసి ఉండక్కర్లేదు. ఒక్కటి చాలు. అలాంటి అప్పు చట్టం దృష్టిలో రద్దయిపోయినట్టే. దాన్ని వసూలు చేయడం కూడా నేరమే. వెట్టి చేయించుకున్నందుకు మూడేళ్ళ దాకా జైలు, జరిమానా ఉన్నాయి.

ఇంకో రెండు తీర్పులు తెలిసి ఉండాలి. ఢిల్లీలో ఆసియా క్రీడల నిర్మాణ పనుల కేసులో 1982లో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని చెప్పింది. ఆకలికి తట్టుకోలేక ఒప్పుకున్నవాడు ఇష్టపడి ఒప్పుకున్నట్టు కాదని జస్టిస్ భగవతి వివరంగా రాశారు. ఆ తర్వాతి ఏడాది ఫరీదాబాద్ రాళ్ళ క్వారీల కేసులో, కూలీ చేత బలవంతంగా పని చేయిస్తున్నారని తేలితే, దాని వెనక ఏదో ఒక అడ్వాన్సు ఉన్నట్టే భావించాలనీ, కాదనుకుంటే యజమానే నిరూపించుకోవాలనీ అంది. మన రాష్ట్రంలో ఈ చట్టాన్ని కాగితం మీద నుంచి ఊళ్ళలోకి తీసుకెళ్ళిన వారిలో ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ముందుంటారు. సాంఘిక సంక్షేమ శాఖ పెద్దగా ఉంటూ ఊరూరా తిరిగి, మీ అప్పులు రద్దయ్యాయని జీతగాళ్ళకు స్వయంగా చెప్పారాయన. ఆ జీతగాళ్ళలో కూడా చాలామందిని ఎవరూ గొలుసుతో కట్టేయలేదు. కట్టేసింది దొర దగ్గరున్న పద్దు పుస్తకం.

కాబట్టి మీ వ్యాపారంలోనైనా, మీకు సరుకు ఇచ్చేవాళ్ళ దగ్గరైనా మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ మనిషి రేపు పొద్దున లేచి "నేను మానేస్తున్నా" అంటే ఏమవుతుంది? మూటాముల్లె సర్దుకుని, అప్పటిదాకా చేసిన పనికి డబ్బు తీసుకుని, బస్సెక్కగలిగితే పరవాలేదు. కార్డు ఇవ్వం అన్నా, లెక్క తేలాకే కదలాలి అన్నా, నీ బదులు తమ్ముణ్ణి పంపు అన్నా, ఊళ్ళో మీ ఇంటికి మనుషుల్ని పంపుతాం అన్నా వ్యవహారం చెడినట్టే. ఈ ప్రశ్నను ముందు మీ ఒడిశా జంటలకు పెట్టి చూడండి.

ఆధార్ కార్డులు ఈరోజే తిరిగి ఇచ్చేయండి. రేపటిదాకా కూడా ఆగొద్దు. మీ రికార్డుకు జిరాక్సు చాలు. కార్డు చేతిలో లేకపోతే వాళ్ళు ఆసుపత్రిలో చీటీ రాయించుకోవాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా, ఇక్కడ రేషన్ తీసుకోవాలన్నా మీ బీరువా తాళం కోసం ఎదురుచూడాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి మనవాళ్ళు ఎంతమంది గల్ఫ్‌లో తోటపనికి వెళ్ళారో మీకు తెలిసే ఉంటుంది. దిగీదిగగానే కంపెనీవాళ్ళు పాస్‌పోర్టు తీసేసుకున్నారని ఇంటికి ఫోన్ వస్తే ఇక్కడి తల్లి ఎంత తల్లడిల్లుతుందో కూడా తెలుసు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడాన్ని ఆ దేశాల చట్టాలు కూడా ఒప్పుకోవు. ఒడిశాలో బలంగిర్‌లోనో నువాపడాలోనో ఉన్న తల్లికి మీ బీరువా అలాంటిదే.

జీతం సంగతి. నెల జీతం మేస్త్రీ చేతికి ఇవ్వడం మానేసి, ఎవరి ఖాతాలో వాళ్ళకు వేయండి. జంటకు కలిపి భర్త ఖాతాలో వేయకండి. ఆమె పనికి ఆమె ఖాతాలోనే పడాలి. ఖాతా లేకపోతే మీ సూపర్‌వైజర్‌ను తోడు పంపి తెరిపించండి. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా అందాలి. కాంట్రాక్టరు ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమాని చెల్లించాలి. పాత 1970 కాంట్రాక్టు లేబర్ చట్టంలోనూ ఇదే ఉండేది. "మేస్త్రీకి ఇచ్చేశాం" అన్న మాట ఎప్పుడూ చెల్లలేదు. 22 మంది ఉన్నారు కాబట్టి పీఎఫ్, ఈఎస్ఐ రెండూ వర్తిస్తాయి. ఈ ఎనిమిది మందిని మేస్త్రీ మనుషులని పక్కన పెట్టి, మిగతావాళ్ళకే కడుతుంటే అది కూడా సరిచేసుకోండి.

ఇక అడ్వాన్సు. మీకు అసలు బెంగ ఇక్కడే అని నాకు తెలుసు. అడ్వాన్సు లేకపోతే మనుషులు దొరకరు, ఇస్తే ఉంటారో లేదో నమ్మకం లేదు. అప్పు ఇవ్వడం తప్పు కాదు. పశ్చిమ ఒడిశాలో నువాఖాయ్ పండగ వచ్చేసరికి ఇంట్లో కొత్త బట్టలు కావాలి, పాత అప్పులు తీర్చాలి, వాన పడని ఏడాదైతే తిండిగింజలు కూడా కొనుక్కోవాలి. సరిగ్గా అప్పుడే సర్దారు, అంటే కూలీల్ని కుదిర్చే మేస్త్రీ, డబ్బు పట్టుకుని గుమ్మంలోకి వస్తాడు. ఆ సమయంలో 40 వేలు వద్దనగలిగే స్థితి ఉంటే వాళ్ళు ఇంత దూరం వచ్చేవాళ్ళే కాదు. ఆ అవసరం నిజం. కాబట్టి అడ్వాన్సు ఆపేయమని నేను అనను. అడ్వాన్సుకూ ఉద్యోగానికీ మధ్యనున్న ముడి విప్పమంటున్నాను.

ఎలాగంటే, మొదట ఆ 40 వేలలో ఎంత వాళ్ళ చేతికి చేరిందో కనుక్కోండి. మేస్త్రీ పదో పదిహేనో ఉంచుకుని మిగతాది ఇచ్చి ఉంటే, వాళ్ళు ముట్టని డబ్బుకు మీ దగ్గర పని చేస్తున్నట్టు. ఆ తేడాను వాళ్ళ పద్దులోంచి కొట్టేయండి. మేస్త్రీ కమిషన్ మీ ఖర్చు, కూలీది కాదు. చేరిన మొత్తానికి వడ్డీ లేకుండా, వాళ్ళకు అర్థమయ్యే భాషలో ఒక చిన్న కాగితం రాయండి. నెలకు ఇంత అని కొద్దిగా మాత్రమే పట్టుకోండి. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదని చట్టం అంటుంది. నా మాట వింటే మీరు పదో వంతు దాటకండి. ప్రతి నెలా ఇంకా ఎంత మిగిలిందో జీతం చీటీ మీద ఉండాలి. ఆ కాగితంలో తప్పకుండా ఉండాల్సిన వాక్యం ఇది: బాకీ ఉన్నా లేకున్నా పని మానేసి వెళ్ళే హక్కు ఉంది, మానేసిన రోజున చేసిన పని జీతం మొత్తం ఇస్తాం, బాకీ కోసం మనిషినిగానీ, సామాన్లనుగానీ, కాగితాలనుగానీ ఆపం, కుటుంబంలో మరొకర్ని పనికి అడగం.

అలా రాస్తే డబ్బు పోతుందంటారేమో. కొంత పోవచ్చు. బజార్లో అరువిచ్చిన ఏ వ్యాపారికైనా కొంత మొండిబాకీ తప్పదు, దాన్ని వ్యాపార ఖర్చులో వేసుకుంటారు. మీరూ అలాగే వేసుకోండి. పోయినేడు వెళ్ళిపోయిన జంట గురించి ఒక మాట. వాళ్ళు ఎందుకు వెళ్ళారో మీ ఉత్తరంలో లేదు. బహుశా ఎవరూ అడిగి ఉండరు. అప్పుడు కూడా జీతం మేస్త్రీ చేతి మీదుగానే వెళ్ళి ఉంటే, నెల నెలా వాళ్ళకు ఎంత ముట్టిందో ముందు తెలుసుకోండి. ముట్టనిదే ఎక్కువైతే అప్పు ఎగ్గొట్టింది వాళ్ళు కాదు.

ఈ ఎనిమిది మందితో మాట్లాడేటప్పుడు మేస్త్రీ దగ్గర ఉండకూడదు, మీ సూపర్‌వైజర్ కూడా ఉండకూడదు. ఒడియా వచ్చినవాళ్ళు ఎవరైనా, మేస్త్రీకి చుట్టం కానివాళ్ళు, తోడుంటే మంచిది. ఆడవాళ్ళతో విడిగా మాట్లాడండి. మీరు స్త్రీ కావడం ఇక్కడ కలిసొస్తుంది. "మీకేమైనా ఇబ్బందా?" అంటే "ఏం లేదమ్మా" అనే వస్తుంది. అలా అడక్కండి. చివరిసారి ఊరికి ఎప్పుడు వెళ్ళారు, ఎవర్ని అడిగి వెళ్ళారు, పోయిన నెల చేతికి ఎంత వచ్చింది, ఇంటికి ఎంత పంపారు, ఒంట్లో బాగాలేని రోజు జీతం పట్టుకున్నారా, రాత్రి షెడ్డు గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, పిల్లలు ఏ బడికి వెళ్తున్నారు, ఇలా అడగండి. వచ్చే జవాబులు చాలా చెబుతాయి. షెడ్డు గేటుకు బయటి నుంచి తాళం వేసే అలవాటు ఉంటే ఆ రాత్రే మాన్పించండి. మొక్కలు పోతాయని తాళం వేసుకోవాలంటే, ఒక తాళంచెవి లోపల పడుకునేవాళ్ళ దగ్గర కూడా ఉండాలి. అగ్నిప్రమాదం జరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పని నచ్చక ఇంటికి వెళ్ళిపోతామని ఎవరైనా అంటే ఛార్జీలిచ్చి పంపండి. వేరే రాష్ట్రం వాళ్ళు పది మందిగానీ అంతకు మించిగానీ ఉంటే ఊరికి వెళ్ళిరావడానికి ఛార్జీలివ్వడం కొత్త కోడ్‌లో యజమాని బాధ్యతే. మీ దగ్గర ఎనిమిది మందే ఉన్నా అదే పద్ధతి పెట్టుకోండి.

ఇక సరుకు ఇచ్చేవాళ్ళ సంగతి. అందరి వెంటా ఒకేలా పడాల్సిన పని లేదు. ఒక చిన్న కొలమానం చెబుతాను. సాయంత్రం తన ఇంటికి తను వెళ్ళే కూలీ కంటే, పనిచోటే పడుకునే కూలీకి ప్రమాదం ఎక్కువ. రోజు కూలి కంటే ముక్క లెక్కన కట్టేచోట ఎక్కువ. వారం వారం లెక్క చూసేచోట కంటే సీజన్ చివర్న చూసేచోట ఎక్కువ. ఈ మూడూ కలిసినచోటికి ముందు వెళ్ళండి.

ఆ లెక్కన కడియం మీ జాబితాలో మొదటిది కాదు. కడియం, కడియపులంక, బుర్రిలంక, వీరవరం నర్సరీల్లో సంచుల్లో మట్టి నింపేవాళ్ళు, అంట్లు కట్టేవాళ్ళు, లారీల్లోకి మొక్కలు ఎక్కించేవాళ్ళు చాలామంది చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళేవాళ్ళు. ఈసారి లోడుకు వెళ్ళినప్పుడు రైతును రెండే అడగండి. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే పనికి కూలి ఎంత తేడా, నర్సరీలోనే కాపురం ఉండేవాళ్ళు ఎవరైనా ఉన్నారా. ఉంటే వాళ్ళతో ఓ ఐదు నిమిషాలు మాట్లాడి రండి. బడి వయసు పిల్లలు పగటిపూట సంచులు నింపుతూ కనబడితే మాత్రం ఆ రైతుకు అక్కడే చెప్పాలి. 14 ఏళ్ళలోపు పిల్లల చేత పని చేయించడం నేరం.

మీరు ముందు వెళ్ళాల్సింది ఇటుక బట్టీకి. నడకదారుల అంచులకు, మొక్కల తొట్టెలకు, చెట్ల చుట్టూ అరుగులకు మీరు వాడే ఎర్ర ఇటుకలు ఎక్కడివో డీలర్‌ను అడగండి. తెలంగాణలో పెద్దపల్లి, సంగారెడ్డి, రంగారెడ్డి, యాదాద్రి ప్రాంతాల బట్టీలకు బలంగిర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. చలికాలం మొదట్లో వచ్చి, వానలు పడేదాకా ఉంటారు. అడ్వాన్సు మనిషికి కాదు, జట్టుకు. భార్య, భర్త, చేయందించడానికి ఇంకొకరు. ఆ ఇంకొకరు చాలాసార్లు పిల్లవాడో పిల్లో అవుతారు. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని. వారానికోసారి తిండి ఖర్చులకు కొద్దిగా ఇచ్చి, అసలు లెక్క సీజన్ చివర్న చూస్తారు. వానొచ్చి ఇటుకలు కరిగిపోతే ఆ నష్టం కూడా తయారుచేసినవాళ్ళ పద్దులోనే పడుతుంది. చివరికి "ఇంకా నువ్వే బాకీ" అని తేలుతుంది. తెలంగాణలో పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పిల్లల కోసం గాలిస్తారు. జనవరి అంటే బట్టీల సీజన్ నడుస్తున్న కాలం. వాటిల్లో కూడా పిల్లలు దొరుకుతుంటారు. 2013 డిసెంబరులో ఇలాంటి అడ్వాన్సు గొడవలోనే కలహండి జిల్లాకు చెందిన ఇద్దరు కూలీల కుడిచేతులు నరికేశారు. సుప్రీంకోర్టు ఆ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. ఆ జట్టును తీసుకెళ్తున్నది కూడా బట్టీ పనికే. ఈ సంగతి మీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయడమే మంచిదనిపించింది, ఎందుకంటే మీ ఎనిమిది మందీ ఇదే దారిలో, ఇలాంటి సర్దార్ల చేతుల మీదుగానే వచ్చి ఉంటారు.

బట్టీకి వెళ్తే ఏం చూడాలి? జట్టు వారీగా ఇటుకల లెక్క రాసిన పుస్తకం కూలీల దగ్గర కూడా ఒకటి ఉందా? లెక్క నెలనెలా చూస్తున్నారా? చావుకో జబ్బుకో ఊరికి వెళ్ళివచ్చినవాళ్ళు ఈ సీజన్‌లో ఉన్నారా? పిల్లలు బడికి వెళ్తున్నారా? కొన్ని జిల్లాల్లో బట్టీ పిల్లల కోసం ఒడియా మాట్లాడే టీచర్లతో వర్క్‌సైట్ బడులు నడిపారు. మీ బట్టీ దగ్గర ఉందేమో అడగండి. మీరు కొనేది ఏడాదికి కొన్ని వేల ఇటుకలే కావచ్చు, యజమాని మీ మాట లెక్కచేయకపోవచ్చు. మీ డీలర్ దగ్గర ఇంకో నలుగురు ల్యాండ్‌స్కేప్ వాళ్ళు కొంటారు కదా, వాళ్ళను కలుపుకుని అడగండి. ఫ్లైయాష్ ఇటుకలకు మారిపోతే పోలేదా అంటారు కొందరు. అక్కడ యంత్రం పని ఎక్కువ కాబట్టి కొంత నయం. కానీ అక్కడ యంత్రం దగ్గర నిలబడే మనిషికీ ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి.

రెండోది రాళ్ళు. తాండూరు, షాబాదు, కడప బండలైతే క్వారీ మనకు దగ్గర్లోనే, వెళ్ళి చూడొచ్చు. తోట దారుల్లో పరిచే చిన్న చదరపు రాళ్ళు రాజస్థాన్‌వైతే ఎక్కువ జాగ్రత్త కావాలి. బూందీ జిల్లా బుధ్‌పురా ప్రాంతంలో ఇసుకరాయి క్వారీల దగ్గర పారేసిన ముక్కల్ని చెక్కి ఈ రాళ్ళు చేస్తారు. యూరప్ వీధులకు, తోటలకు కూడా అవే వెళ్తాయి. ఆడవాళ్ళు, పిల్లలు ముక్క లెక్కన చెక్కడం గురించి అక్కడినుంచి ఏళ్ళ తరబడి కథనాలు వస్తున్నాయి. మగవాళ్ళు పేష్గీ, అంటే అడ్వాన్సు, తీసుకుని క్వారీలో దిగుతారు. ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు గట్టిపడి సిలికోసిస్ వస్తే ఇక పని చేయలేరు, అప్పు మాత్రం భార్య మీదికో కొడుకు మీదికో వస్తుంది. సిలికోసిస్ బాధితుల కోసం రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చిందంటే అక్కడి పరిస్థితి అర్థం చేసుకోండి. మీ డీలర్ ఏ క్వారీ నుంచి తెచ్చాడో చెప్పలేకపోతే ఆ రాయి కొనకండి, తాండూరు బండతో డిజైన్ మార్చుకోండి. మీ సైట్‌లో మీవాళ్ళే బండలు కోస్తుంటే నీళ్ళు పోస్తూ కోయించండి, మంచి మాస్కు ఇవ్వండి.

గ్లౌజుల సంగతి క్లుప్తంగా. మలేషియాలోని ప్రపంచపు అతిపెద్ద రబ్బరు గ్లౌజుల కంపెనీ సరుకును 2020 జులైలో అమెరికా కస్టమ్స్ ఆపేసింది. బంగ్లాదేశ్, నేపాల్ నుంచి వచ్చిన కార్మికులు ఏజెంట్లకు కట్టిన డబ్బు కోసం అప్పుల్లో కూరుకుపోయారన్నది ప్రధాన కారణాల్లో ఒకటి. కంపెనీ ఆ ఫీజులు కార్మికులకు తిరిగి చెల్లించాక, 2021 సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు. పెద్ద కొనుగోలుదారు గట్టిగా నిలబడితే డబ్బు వెనక్కి వస్తుందనడానికి అది ఉదాహరణ. మీ స్థాయిలో గ్లౌజుల కంపెనీని మీరు కదిలించలేరు. కంపెనీ పేరు చూసి కొనడం వరకు చాలు. మీ శక్తి ఇటుకల మీద, రాళ్ళ మీద పెట్టండి.

బట్టీలోనో క్వారీలోనో నిజంగా వెట్టి కనబడితే రెండు పనులు చేయకండి. అక్కడికక్కడే యజమానితో గొడవ పెట్టుకోకండి. తెల్లారేసరికి ఆ కుటుంబాల్ని లారీలో ఎక్కించి ఇంకో చోటికి మార్చేస్తారు, ఆ తర్వాత మీకు వాళ్ళ ఆచూకీ దొరకదు. ఏమీ ఎరగనట్టు డీలర్‌ను మార్చేసి ఊరుకోకండి కూడా. మీ చేతికి మట్టి అంటదు, వాళ్ళ బతుకు మాత్రం అక్కడే ఉంటుంది. జిల్లా కలెక్టరుకు, ఆర్డీవోకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఈ చట్టం కింద విచారణ జరిపి విడిపించే అధికారం, బాధ్యత రెవెన్యూ యంత్రాంగానివే. జిల్లాలో, డివిజన్‌లో విజిలెన్స్ కమిటీలు ఉండాలని చట్టంలోనే ఉంది. పిల్లలుంటే 1098, న్యాయ సహాయానికి 15100, తక్షణ ప్రమాదమైతే 112. విడిపించాక ఒక్క విషయం పట్టుబట్టి అడగండి. ప్రతి ఒక్కరి పేరునా విముక్తి పత్రం ఇవ్వాలి. అది ఉంటేనే బాకీ రద్దయినట్టు చేతిలో ఆధారం ఉంటుంది, కేంద్ర పునరావాస పథకం కింద పురుషులకు లక్ష, స్త్రీలకు, పిల్లలకు రెండు లక్షలు, మరీ ఘోరమైన సందర్భాల్లో మూడు లక్షల దాకా సాయం వస్తుంది. విముక్తి పత్రం లేకుండా రైలెక్కించి పంపేస్తే, వచ్చే నువాఖాయ్‌కి అదే సర్దారు అదే గుమ్మంలో ఉంటాడు.

ఇప్పుడు మీకు ఫారం పంపిన కంపెనీ గురించి. వాళ్ళు ఎందుకు అడుగుతున్నారో తెలుసుకుంటే మీకు భయం తగ్గుతుంది. బ్రిటన్ 2015లో చేసిన ఆధునిక బానిసత్వ చట్టం ప్రకారం, ఏడాదికి 3 కోట్ల 60 లక్షల పౌండ్ల టర్నోవరు దాటిన కంపెనీలు తమ సరఫరా గొలుసులో ఏం చూశాయో ఏటా ప్రకటించాలి. ఆస్ట్రేలియా 2018లో అలాంటిదే చేసింది. మన స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కూడా 2022–23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు బాధ్యతాయుత వ్యాపార నివేదిక ఇవ్వాలంది. అందులో బలవంతపు చాకిరీ, బాలకార్మికుల ప్రశ్నలు ఉన్నాయి. ఆ బరువు వాళ్ళది. ఒక్క సంతకంతో దాన్ని మీ నెత్తిన దించుదామని చూస్తున్నారు.

అందుకే వాళ్ళను మీరూ తిరిగి అడగాలి. ఈ క్యాంపస్ తోట పనికి ఎంతమంది కావాలో, వాళ్ళకు కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ, వారం సెలవు, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కలిపి ఎంతవుతుందో ఒక కాగితం మీద వేయండి. మీ పనికి వర్తించే కనీస వేతనం కరువు భత్యంతో కలిపి ఎప్పటికప్పుడు మారుతుంది, తాజా రేటు చూసుకోండి. ఆ మొత్తం కంటే తక్కువకు కాంట్రాక్టు ఇస్తూ బానిసత్వం వద్దంటే కుదరదు. ఆ తేడా ఎవరి పొట్ట కొట్టి పూడుస్తారు? బిల్లుల చెల్లింపు కూడా చూడండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థకు 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలని ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. వాళ్ళు మూడు నెలలకు ఇస్తే మీరు 7వ తేదీన జీతాలు ఎలా ఇస్తారు? ఈ మాట జంకకుండా రాయండి. మీకు రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ వారమే చేయించుకోండి, ఆన్‌లైన్‌లో ఉచితం.

సంతకం పెట్టే వాక్యం ఇలా ఉండొచ్చు: "మా దగ్గర 22 మంది పనిచేస్తున్నారు. అందరి గుర్తింపు పత్రాలూ వారి దగ్గరే ఉన్నాయి. జీతాలు ఫలానా నెల నుంచి ఎవరి బ్యాంకు ఖాతాలో వారికి వేస్తున్నాం. గతంలో మేస్త్రీ ద్వారా ఇచ్చిన అడ్వాన్సులను సరిచూసి, పని మానే హక్కుకు అడ్డం కాని విధంగా కొత్త ఒప్పందాలు రాసుకున్నాం. ఇటుకలు ఏ బట్టీ నుంచి వస్తున్నాయో గుర్తించి ఫలానా తేదీన వెళ్ళి చూశాం. రాళ్ళు ఎక్కడివో ఇంకా పూర్తిగా తెలియదు, ఫలానా తేదీలోగా తెలుసుకుంటాం. తెలియని సరుకు అప్పటివరకూ కొనం." జరిగినంతవరకే రాయండి, జరగనిది రాయకండి. "ఎక్కడా బానిసత్వం లేదు" అని ఎవరూ నిజాయితీగా సంతకం పెట్టలేరు, ఆ కంపెనీ కూడా పెట్టలేదు. వాళ్ళ లీగల్ డిపార్ట్‌మెంట్‌కు ఈ తేడా బాగా తెలుసు. ఇలా రాసిచ్చిన సప్లయరును కాదని ఖాళీ సంతకం పెట్టిన సప్లయరును తీసుకుంటే, రేపు ఏదైనా బయటపడినప్పుడు ఇరుక్కునేది వాళ్ళే.

గడువు పొడిగించమని ఈరోజే ఒక మెయిల్ పెట్టండి. జీతాల తేదీ దాటేదాకా అడగండి, ఎనిమిది ఖాతాల్లో డబ్బు పడినట్టు బ్యాంకు కాగితం జతచేయొచ్చు. మేస్త్రీతో రాసుకునే కొత్త ఒప్పందం, ఒడియాలో అడ్వాన్సు కాగితం రాసేటప్పుడు ఎక్కడైనా తట్టుకుంటే మళ్ళీ రాయండి. వాళ్ళతో మాట్లాడాక ఆ 40 వేలలో ఎంత చేతికి అందిందని చెప్పారో కూడా రాయండి.